మా ఆవిడకి చాగస్ పాజిటివ్, ఇప్పుడు ఆరో నెల. పుట్టబోయే బిడ్డకి వస్తుందా?

కొత్తనాన్న_వర్జీనియా · ఫిబ్రవరి 9, రాత్రి 11:42
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ నిద్ర పట్టక రాస్తున్నా. మా ఆవిడది బొలీవియా, కొచబాంబా. ఇక్కడే ఉత్తర వర్జీనియాలో చదువుకునేటప్పుడు పరిచయం, పెళ్లయి ఆరేళ్లు, నాలుగేళ్ల పాప ఉంది. పోయిన జూలైలో తన ఆఫీసులో రక్తదానం క్యాంపు పెడితే మొదటిసారి ఇచ్చింది. ఆగస్టులో బ్లడ్ బ్యాంకు నుంచి ఒక కవరు వచ్చింది, ఏదో థాంక్యూ లెటరేమో అనుకుని కరెంటు బిల్లుల సొరుగులో పడేశాం. పోయిన శనివారం ఇన్సూరెన్స్ కాగితాల కోసం వెతుకుతుంటే దొరికింది. విప్పి చూస్తే "మీ రక్తంలో ట్రిపనోసోమా క్రూజీ యాంటీబాడీలు ఉన్నాయి, ఇకపై రక్తం ఇవ్వకండి, డాక్టర్‌ని కలవండి" అని ఉంది. అది చాగస్ జబ్బు తెచ్చే పరాన్నజీవట.
తను ఇప్పుడు 22 వారాల గర్భిణి. డాక్టరమ్మకి చూపిస్తే "బ్లడ్ బ్యాంకు టెస్టులు అప్పుడప్పుడు తప్పు చూపిస్తాయి, కంగారు పడకండి" అని కాగితం తిరిగి ఇచ్చేసింది. ఆ పేరు చదవడానికే ఆవిడ రెండుసార్లు ఆగింది, అదే నాకు భయం వేసింది. తనకి ఏ బాధా లేదు, జ్వరం కూడా రాలేదు. బిడ్డకి వస్తుందా? ఇప్పుడే మందు వేసుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

లేబర్‌రూమ్_లక్ష్మి · ఫిబ్రవరి 10, ఉదయం 6:15
తమ్ముడూ, ముందు ఊపిరి తీసుకో. నేను టెక్సస్‌లో కాన్పుల వార్డులో పదిహేనేళ్లుగా నర్సుని, ఇలాంటివి కొన్ని చూశాను.
బిడ్డకి రావచ్చు, కానీ రాకపోవడమే ఎక్కువ. పాజిటివ్ తల్లులకి పుట్టిన ప్రతి వంద మందిలో సుమారు అయిదుగురికి వస్తుంది, ప్రాంతాన్ని బట్టి ఒకటి నుంచి పది దాకా చెబుతారు. తల్లి రక్తంలో పరాన్నజీవి ఎంత ఎక్కువ తిరుగుతుంటే ఛాన్స్ అంత ఎక్కువ.
కడుపుతో ఉన్నప్పుడు మందు ఇవ్వరు. బెంజ్‌నిడజోల్, నిఫర్టిమాక్స్ అని ఉన్నవే రెండు, రెండూ గర్భిణులకి వద్దంటారు. సిజేరియన్ చేస్తే బిడ్డకి రాదు అని ఎవరైనా చెబితే నమ్మకండి, దానికీ దీనికీ సంబంధం లేదు.
ఇప్పుడు చేయాల్సింది ఒకటే, టెస్టు ఖాయం చేసుకోవడం. ఒక టెస్టుతో తేల్చరు, వేర్వేరు పద్ధతుల్లో రెండు టెస్టులూ పాజిటివ్ రావాలి. "తప్పు చూపించి ఉండొచ్చు" అన్న మాట సగం నిజమే, కానీ కొచబాంబాలో పుట్టి పెరిగిన మనిషి రిపోర్టుని అలా తోసేయడం మాత్రం తప్పు. అంటువ్యాధుల స్పెషలిస్టు దగ్గరికి రిఫరల్ అడుగు, గట్టిగా అడుగు. వాళ్లకీ తెలియకపోతే సీడీసీ (అంటువ్యాధుల్ని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్లు డాక్టర్లకి ఫోన్లోనే సలహా ఇస్తారు, ఆ మాట డాక్టర్‌కి నువ్వే చెప్పు.

అనుమానం_ఆనంద్ · ఫిబ్రవరి 10, ఉదయం 9:03
వందలో 95 మందికి రాదని మీరే అంటున్నారు. కడుపుతో ఉన్న మనిషికి ఇంత టెన్షన్ పెట్టడం అవసరమా? పైగా ఇది పురుగు కుడితే వచ్చే జబ్బు కదా, అమెరికాలో సిమెంటు ఇంట్లో ఉన్నవాళ్లకి ఏమిటి బాధ? గూగుల్ చూసి భయపడటం తప్ప ఏమీ లేదనిపిస్తోంది.

మైక్రోస్కోప్‌మాస్టారు · ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:30
ఆనంద్ గారూ, పురుగు ఎప్పుడో కుట్టి ఉంటుంది, ఆ పరాన్నజీవి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది, మందు వాడకపోతే జీవితాంతం. ఇల్లు మారినా, దేశం మారినా, అది మనిషితోనే వస్తుంది. నేను పరాన్నజీవుల పాఠాలు చెప్పి రిటైర్ అయినవాణ్ని, ఒకప్పుడు బ్రెజిల్‌లో ఆరు వారాలు ట్రైనింగ్‌కి వెళ్లాను. అక్కడ "శాగస్" అంటారు, మనం ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చాగస్ చేసేశాం.
కార్లోస్ శాగస్ అనే కుర్ర డాక్టరు బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ రాష్ట్రంలో లసాంస్ అనే ఊళ్లో రైలు మార్గం వేసే కూలీలకి మలేరియా అదుపు చేయడానికి వెళ్లి, అక్కడి ఇంజనీర్ చూపించిన పురుగుల కడుపులో ఈ జీవిని చూశాడు. 1909 ఏప్రిల్ 14న బెరెనీస్ అనే రెండేళ్ల పిల్ల రక్తంలో అదే కనబడింది. అందుకే ఏప్రిల్ 14న ప్రపంచ చాగస్ దినం. ఆ బెరెనీస్ డెబ్బై దాటి బతికిందండి. అంటే ఈ జబ్బు తత్వమే అంత, చాలామందిలో ఊరికే కూర్చుంటుంది. కానీ నూటికి 20 నుంచి 30 మందిలో ఇరవై, ముప్ఫై ఏళ్ల తర్వాత గుండె లయ తప్పడం, గుండె ఉబ్బడం, కొందరికి అన్నవాహికో పెద్దపేగో సాగిపోవడం. ఎవరు ఆ ముప్ఫై మందిలో పడతారో ముందే చెప్పలేం.
పురుగు నేరుగా కుట్టి ఎక్కించదు. రాత్రి ముఖం మీద రక్తం తాగి అక్కడే రెట్ట వేస్తుంది, మనం నిద్రలో గోక్కుంటే ఆ రెట్టలోంచి లోపలికి పోతుంది. బొలీవియా, అర్జెంటీనాల్లో దాన్ని బించూకా అంటారు, అక్కడి కెచువా భాష మాట, కప్పు మీంచి జారి పడేది అని అర్థం చెబుతారు. మట్టి గోడల పగుళ్లలో, గడ్డి కప్పులో దాక్కుంటుంది.
తల్లి నుంచి బిడ్డకి మాత్రం పురుగుతో పనే లేదు. మాయ దాటి రక్తంలోంచి రక్తంలోకి పోతుంది. అందుకే పురుగు లేని దేశాల్లో కూడా పసిపిల్లల్లో కనబడుతోంది.

లేబర్‌రూమ్_లక్ష్మి · ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2:10
మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఆనంద్ గారూ, ఆ అయిదుగురి కోసమే ఈ గోలంతా. ఎందుకంటే మొదటి సంవత్సరంలోపు మందు మొదలుపెడితే 90 శాతానికి పైగా పిల్లలకి పూర్తిగా నయమవుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. పెద్దయ్యాక గుండె దెబ్బతిన్నాక మందు వేస్తే అప్పటికే పోయినదాన్ని తిరిగి తేదు. ఇంత తేలిగ్గా నయమయ్యే రోజుల్లోనే కళ్ల ముందు నుంచి జారిపోతుంది, అదీ నా బాధ. పుట్టిన బిడ్డ ఎర్రగా బొద్దుగా ఏడుస్తూ ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. వచ్చినవాళ్లలో కూడా ఎక్కువమందికి పుట్టినప్పుడు ఏ లక్షణమూ ఉండదు. కొద్దిమందికే బరువు తక్కువ, కామెర్లు, కాలేయం, ప్లీహం ఉబ్బడం, మరీ అరుదుగా గుండె కండరానికీ మెదడుకీ ఎక్కడం.

బార్సిలోనా_సుధ · ఫిబ్రవరి 11, తెల్లవారి 4:48
నేను ఇక్కడ ఆసుపత్రుల్లో దుబాసీ పని చేస్తాను. స్పెయిన్‌లో మా కటలోనియాలో 2010 నుంచి లాటిన్ అమెరికా నుంచి వచ్చిన గర్భిణులందరికీ ఈ టెస్టు మామూలుగా చేస్తారు, హెచ్ఐవీ టెస్టులాగే. మంత్రసాని మొదటి విజిట్‌లోనే అడిగేది "నువ్వు ఎక్కడ పుట్టావు, మీ అమ్మ ఎక్కడ పుట్టింది" అని. ఆ రెండో ప్రశ్న మొదట్లో నాకు అర్థం కాలేదు, తర్వాత తెలిసింది, అమ్మ దగ్గర్నుంచి వచ్చి ఉండొచ్చు కాబట్టి. బించూకాని జీవితంలో చూడని అమ్మాయి కూడా తన బిడ్డకి ఇవ్వగలదు.
అన్నా, వాళ్ల అమ్మగారిని అడిగారా?

కొత్తనాన్న_వర్జీనియా · ఫిబ్రవరి 13, రాత్రి 10:20
సుధ గారూ, మీరు అడిగినందుకే నిన్న వీడియో కాల్‌లో అత్తగారిని అడిగాం. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుని చెప్పింది. చిన్న బావమరిది కడుపులో ఉన్నప్పుడు ఆసుపత్రిలో టెస్టు చేశారట, పాజిటివ్ అన్నారట, మందు ఏమీ ఇవ్వలేదట. ఆవిడ పుట్టింది లోయలో ఒక పల్లెలో, మట్టి ఇల్లు. "అది పేదవాళ్ల జబ్బు, పిల్లలకి చెబితే పెళ్లిళ్లు కావు అనుకున్నా" అంది. ముప్ఫై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు, మామగారికి కూడా. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు ఏడ్చింది, జబ్బు గురించి కాదు.
తనకి అమ్మ నుంచే వచ్చిందా, చిన్నప్పుడు సెలవులకి అమ్మమ్మ ఇంటికి వెళ్లినప్పుడు వచ్చిందా?

మైక్రోస్కోప్‌మాస్టారు · ఫిబ్రవరి 14, ఉదయం 7:40
ఇప్పుడు ఎవరూ చెప్పలేరు బాబూ, తెలిసినా వైద్యం మారదు. కానీ మీ అత్తగారికి ఉంది కాబట్టి ఆవిడ పిల్లలందరికీ టెస్టు చేయించాలి. మీ పాపకి కూడా. ఒక తల్లికి తేలితే, అటు తల్లి, తోబుట్టువులు, ఇటు పిల్లలు, ఆ మొత్తం తీగ లాగాలి.
ఈ దాపరికం మీ ఇంట్లోనే కాదు. తల్లి నుంచి బిడ్డకి వచ్చిందని అమెరికాలో ఖాయంగా తేల్చిన మొదటి కేసు మీ వర్జీనియాదే. 2010 ఆగస్టులో నెలలు నిండకుండా పుట్టిన మగబిడ్డ, తల్లిది బొలీవియా. బిడ్డ పుట్టిన రెండు వారాలకి గానీ ఆమె, ఇంతకుముందు గర్భంలో తనకి చాగస్ అని చెప్పారని బయటపెట్టలేదు. అప్పుడు రక్తం చూస్తే పరాన్నజీవి కనబడింది, 60 రోజులు మందు ఇస్తే పోయింది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు, అంతే.

రాత్రిపూట_చదివేవాడు · ఫిబ్రవరి 15, రాత్రి 1:15
నాకు ఒక చిన్న సందేహం, నవ్వకండి. కలిసి తింటే, ముద్దు పెట్టుకుంటే, పాప మంచం మీద పడుకుంటే వస్తుందా? ఇంకోటి, తల్లిపాలు ఇవ్వొచ్చా?

లేబర్‌రూమ్_లక్ష్మి · ఫిబ్రవరి 15, ఉదయం 6:02
కలిసి తింటే రాదు, ముద్దుకి రాదు, మంచానికి రాదు. పాలు ఇవ్వొచ్చు, ఆపమని ఎవరూ చెప్పరు. ఒక్క జాగ్రత్త, చనుమొన పగిలి రక్తం కారుతుంటే అది మానేదాకా పాలు పిండి పారబోయండి, ఆ తర్వాత మళ్లీ మామూలే. ఈ ప్రశ్నకి నవ్వేదేముంది, వార్డులో కొత్త డాక్టర్లు కూడా ఇదే అడుగుతారు.

కొత్తనాన్న_వర్జీనియా · మార్చి 6, సాయంత్రం 7:55
అప్‌డేట్. రెండో టెస్టూ పాజిటివ్. స్పెషలిస్టు దొరకడానికి మూడు వారాలు, నాలుగు ఫోన్లు పట్టింది, ఒక చోటైతే రిసెప్షన్‌లో అమ్మాయి నన్ను ఆ పేరు స్పెల్లింగ్ చెప్పమంది. మా ఆవిడకి ఈసీజీ తీశారు, నార్మల్. పాపకి టెస్టు చేశారు, నెగెటివ్. ఆ రోజు కారులో కూర్చుని స్టార్ట్ చేయడం మర్చిపోయాను.
బిడ్డ పుట్టగానే రక్తం తీస్తామన్నారు. నెగెటివ్ వస్తే ఇక అయిపోయినట్టేనా?

మైక్రోస్కోప్‌మాస్టారు · మార్చి 7, ఉదయం 8:20
కాదు. ఇది పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.
పుట్టినప్పుడు బిడ్డకి యాంటీబాడీ టెస్టు పనికిరాదు, ఎందుకంటే తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ రక్తంలో ఉంటాయి, పాజిటివ్ ఊరికే వస్తుంది. అందుకని పరాన్నజీవినే వెతకాలి. నేను చూసిన పద్ధతి ఏమిటంటే, బిడ్డ రక్తం సన్నటి గాజు గొట్టాల్లోకి తీసుకుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ఎర్రకణాలు అడుగుకి పోతాయి, పైన పసుపు నీరు, మధ్యలో వెంట్రుకంత తెల్ల పొర. ఆ పొర అంచున మైక్రోస్కోప్ పెట్టి చూస్తూ కూర్చోవాలి. మొదట జీవి కనబడదు, ఎర్రకణాలు ఒకచోట ఊరికే తోసుకుంటూ కదులుతాయి, ఎవరో గుంపులోంచి దూరి వెళ్తున్నట్టు. అక్కడ కళ్లు నిలిపితే అప్పుడు తోక కొట్టుకుంటూ బయటికి వస్తుంది. రక్తం తీసిన కొద్ది గంటల్లోనే చూడాలి. అలవాటు లేని కంటికి దొరకదు, చాలా పోతాయి. ఇప్పుడు పీసీఆర్ ఉంది, పరాన్నజీవి డీఎన్‌ఏని వెతికే టెస్టు, ఇంకా సున్నితం, అయినా పుట్టిన రోజున కొందరిలో పరాన్నజీవులు చాలా తక్కువ ఉంటాయి, నాలుగు నుంచి ఆరు వారాలకి పెరిగి కనబడతాయి. అందుకే మళ్లీ పీసీఆర్. అదీ నెగెటివ్ అయితే తొమ్మిది, పది నెలలు దాటాక యాంటీబాడీ టెస్టు. అప్పటికి తల్లివి కరిగిపోతాయి, ఇంకా ఉన్నాయంటే అవి బిడ్డ సొంతవే. ఆ టెస్టు నెగెటివ్ అయితేనే "లేదు" అనుకోవాలి.

బార్సిలోనా_సుధ · మార్చి 7, మధ్యాహ్నం 12:12
ఆ పది నెలల టెస్టుకే జనం రారు. అద్దె ఇళ్లు మారతారు, ఫోన్ నంబర్లు మారతాయి, బిడ్డ బాగానే ఉంది కదా అనుకుంటారు. నేను ఎన్నిసార్లు "ఈ నంబరు ఉపయోగంలో లేదు" విన్నానో. అర్జెంటీనాలో 2007 నుంచి చట్టమే ఉంది, గర్భిణులకీ వాళ్ల పిల్లలకీ టెస్టు తప్పనిసరి. చట్టం ఉన్నా పది నెలలకి తీసుకొచ్చే పని తల్లిదే కదా.

లేబర్‌రూమ్_లక్ష్మి · మార్చి 7, సాయంత్రం 5:30
అందుకే టీకాల విజిట్‌కి ముడిపెట్టమని గొడవ చేస్తుంటాను. పాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్ 2017లో హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బీ తోపాటు చాగస్‌ని కూడా ఒకే మూటలో పెట్టింది, తల్లి నుంచి బిడ్డకి పోయే నాలుగింటినీ కలిపి ఆపాలని. ఎలాగూ సూది గుచ్చుతాం, ఇంకో గొట్టం రక్తం తీస్తే పోయేదేముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2010లో లాటిన్ అమెరికాలో పిల్లల్ని కనే వయసున్న ఆడవాళ్లలో పదకొండు లక్షల పైచిలుకు మందికి ఇది ఉంది, ఏడాదికి ఎనిమిది వేల ఆరు వందలకి పైగా పిల్లలు దీంతో పుట్టారు.

అనుమానం_ఆనంద్ · మార్చి 8, ఉదయం 10:44
సరే, నేను తొందరపడ్డాను. మా టీమ్‌లో ఎల్ సాల్వడార్ అమ్మాయి ఉంది, ఏప్రిల్‌లో డెలివరీ. చెప్పమంటారా? చెబితే ఏమనుకుంటుందో అని.

లేబర్‌రూమ్_లక్ష్మి · మార్చి 8, ఉదయం 11:20
"నీకు ఆ జబ్బు ఉందేమో" అని మాత్రం అనకండి. "అక్కడ పుట్టినవాళ్లకి కాన్పుకి ముందు చాగస్ టెస్టు అడిగితే మంచిదని విన్నాను" అనండి, అంతే. మీ ఇంట్లో ఆడవాళ్ల చేత చెప్పిస్తే ఇంకా నయం.

వేదిక_నిర్వాహకుడు · మార్చి 8, మధ్యాహ్నం 3:00
మందుల డోసులు, మాత్రల లెక్క ఇక్కడ ఎవరూ రాయొద్దు. రెండు కామెంట్లు తీసేశాను. మిగతా చర్చ కొనసాగించండి.

కొత్తనాన్న_వర్జీనియా · జూన్ 11, రాత్రి 2:36
బాబు పుట్టాడు. మామూలు కాన్పు, మూడు కేజీల నూట యాభై. బొడ్డుతాడు రక్తంలో తల్లిది కలుస్తుందని బిడ్డ చేతి నుంచే తీశారు. పీసీఆర్ నెగెటివ్. మా అమ్మ ఫోన్లో "అయిపోయింది కదా, ఇక ఆ పేరు ఎత్తకండి" అంటోంది. మాస్టారూ, ఫ్రిజ్ మీద మీ మాట అలాగే ఉంది.

కొత్తనాన్న_వర్జీనియా · జూలై 30, సాయంత్రం 6:18
ఆరు వారాల పీసీఆర్ పాజిటివ్. మళ్లీ రక్తం తీసి చేశారు, అదీ పాజిటివ్.
బాబు హాయిగా ఉన్నాడు, నవ్వడం నేర్చుకుంటున్నాడు.

లేబర్‌రూమ్_లక్ష్మి · జూలై 30, సాయంత్రం 6:25
తమ్ముడూ, దొరికింది. ఆరు వారాలకే దొరికింది. నలభై ఏళ్లకి దొరికేది ఇప్పుడు దొరికింది. మందు ఎప్పుడు మొదలు?

కొత్తనాన్న_వర్జీనియా · జూలై 31, ఉదయం 7:10
ఆగస్టు 3న. నిఫర్టిమాక్స్, 60 రోజులు. 2020లో ఎఫ్‌డీఏ (ఇక్కడ మందులకి అనుమతిచ్చే సంస్థ) పుట్టిన పిల్లల నుంచే వాడొచ్చని ఒప్పుకుందట, రెండున్నర కేజీలు దాటి ఉంటే చాలట. బెంజ్‌నిడజోల్‌కి ఇక్కడ అనుమతి రెండేళ్లు దాటిన పిల్లలకే ఉందని చెప్పారు. మా ఆవిడ మందు, పాలు మాన్పించాక.

మైక్రోస్కోప్‌మాస్టారు · జూలై 31, ఉదయం 9:00
ఆవిడ మందు వాయిదా వేసుకుంటూ పోకండి. మళ్లీ గర్భం రాకముందే వాడిన ఆడవాళ్లలో తర్వాతి పిల్లలకి రావడం బాగా తగ్గిందని అర్జెంటీనాలో గమనించారు. పెద్దవాళ్లకి దద్దుర్లు, ఆకలి లేకపోవడం ఉంటాయి, పసిపిల్లలు మాత్రం ఈ మందుల్ని మనకన్నా బాగా తట్టుకుంటారు, అదొక విచిత్రం.

కొత్తనాన్న_వర్జీనియా · సెప్టెంబర్ 14, రాత్రి 9:47
ఇవాళ 43వ రోజు. రోజుకి మూడుసార్లు. మాత్ర చెంచాలో వేసి కొంచెం నీళ్లు పోస్తే అర నిమిషంలో పసుపు మడ్డిలా కరుగుతుంది. పాలు తాగుతూ మధ్యలో ఆగిన క్షణం చూసి నోట్లో పోస్తాం, సగం గడ్డం మీదికి వస్తుందని మొదటి వారం చాలా గొడవ, ఇప్పుడు చేయి తిరిగింది. పాప ఫ్రిజ్ మీద గళ్లు గీసి ఒక్కో డోసుకి ఒక్కో నక్షత్రం అంటిస్తోంది, రాత్రి డోసు మేం మర్చిపోయినా తను మర్చిపోదు. చిన్న బావమరిది టెస్టు చేయించుకున్నాడు, పాజిటివ్. అత్తగారే దగ్గరుండి తీసుకెళ్లిందట, బస్సులో రెండు గంటలు.

లేబర్‌రూమ్_లక్ష్మి · సెప్టెంబర్ 14, రాత్రి 10:05
బాబు బరువు పెరుగుతున్నాడా? డోసు బరువుని బట్టి మార్చారా?

కొత్తనాన్న_వర్జీనియా · సెప్టెంబర్ 14, రాత్రి 10:11
రెండుసార్లు మార్చారక్కా. అయిదున్నర కేజీలు దాటాడు.